కూబర్ పీడీ నుంచి యులారాకు ఒకే రోజులో 735 కిలోమీటర్లు: పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లవచ్చా?

మెల్‌బోర్న్_మాధవి
జులై సెలవుల్లో మెల్‌బోర్న్ నుంచి ఉలురుకు, అంటే మధ్య ఆస్ట్రేలియాలోని పెద్ద ఎర్ర రాతికొండ దగ్గరకు, రోడ్డు మీద వెళ్తున్నాం. బస దాని దగ్గరి ఊరు యులారాలో. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు. ఏడు సీట్ల పెట్రోలు బండి, వెనక అద్దెకు తీసుకున్న క్యాంపర్ ట్రెయిలర్ (తెరిస్తే పడకల గుడారమయ్యేది). అడిలైడ్, పోర్ట్ అగస్టా, కూబర్ పీడీ వరకు ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా కూబర్ పీడీ దాటాక యులారా దాకా ఉన్న 735 కిలోమీటర్ల దగ్గరే. మా వారు ఒకే రోజులో వెళ్లిపోదాం అంటున్నారు. తారు రోడ్డు, ట్రాఫిక్ ఉండదు, ఫోను ఎనిమిది గంటలు చూపిస్తోంది, సాయంత్రానికి ఉలురు దగ్గర సూర్యాస్తమయం చూడవచ్చు అని ఆయన లెక్క. యులారాలో ఆ రాత్రికి క్యాంప్ స్థలానికి డబ్బు కూడా కట్టేశారు. మామగారికి షుగరు, గంటన్నరకు ఒకసారైనా బండి ఆపాలి. బాబుకు కారులో కడుపు తిప్పుతుంది. ఆ ఒక్క రోజు తలచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు. ఆ దారిన వెళ్లినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా వారు కూడా ఇవన్నీ చదువుతారు.

సిడ్నీ_శీను
మేము వెళ్లాం. కూబర్ పీడీలో ఆరున్నరకు బయలుదేరితే మూడున్నరకు యులారాలో ఉన్నాం. స్టువర్ట్ హైవే అంతా మంచి తారు రోడ్డు, నార్తర్న్ టెరిటరీ రాష్ట్రంలో అడుగుపెట్టాక వేగ పరిమితి 130. కంగారు పడనక్కర్లేదు, హాయిగా వెళ్లి రండి.

గోదారి_గట్టు
శీను గారు, ఏ నెలలో వెళ్లారు? బండిలో ఎవరెవరు?

సిడ్నీ_శీను
సెప్టెంబరు చివర్లో. నలుగురు స్నేహితులం. ముగ్గురం మార్చి మార్చి నడిపాం. ట్రెయిలర్ లేదు, గదుల్లో దిగాం.

గోదారి_గట్టు
అయితే అది వేరే ప్రయాణం అండి. నలుగురు కుర్రాళ్లు వెళ్లిన దారిలోనే ఐదేళ్ల పిల్లవాడు, షుగరున్న పెద్దాయన వెళ్తే దారి పొడవు మారిపోతుంది.

సిడ్నీ_శీను
కుర్రాళ్లం అన్నందుకు సంతోషం, అందరం నలభై దాటినవాళ్లమే. రోడ్డు బాగుందని మాత్రమే నేను చెప్పింది, ఆ మాట మీద నిలబడతాను.

అడిలైడ్_అన్నయ్య
రోడ్డు బాగుందన్న మాట నిజం. దక్షిణ ఆస్ట్రేలియా వైపు భాగం 1987 నాటికే పూర్తిగా తారు రోడ్డయింది, చిన్న కారైనా ఇబ్బంది లేకుండా వెళ్తుంది. కానీ మాధవి గారు అడిగింది రోడ్డు గురించి కాదు, ఆ రోజు గురించి.

ఈ దారిలో కిలోమీటర్లు లెక్కపెడితే లెక్క తప్పుతుంది. లెక్కపెట్టవలసింది వెలుతురు. జులై మొదట్లో కూబర్ పీడీలో పొద్దు పొడిచేది దాదాపు ఏడున్నరకు. యులారాలో పొద్దు గుంకేది ఆరు దాటిన కాసేపటికే. తెల్లవారే వేళ, చీకటి పడే వేళ కంగారూలు మేతకు రోడ్డు అంచులకు వస్తాయి. కాబట్టి పొద్దున ఎనిమిదికి ముందు బయలుదేరకూడదు, సాయంత్రం ఐదు తర్వాత రోడ్డు మీద ఉండకూడదు. చేతిలో ఉన్నది తొమ్మిది గంటలు.

ట్రెయిలర్ లాగుతూ 130 పరిమితిని మరచిపోవాలి. వందకు మించి లాగడం మంచిది కాదు, సగటున 95 వస్తే గొప్ప. 735ను 95తో భాగిస్తే ఏడు గంటల ముప్పావు. ఇక మిగిలింది గంటం పావు. అందులోనే రెండు మూడు సార్లు పెట్రోలు, మధ్యాహ్నం భోజనం, మామగారి కోసం ఐదారు సార్లు ఆగడం, బాబుకు వాంతి అయితే బట్టలు మార్చడం, చిన్నపాటి వరుస ఉంటే మరుగుదొడ్డి దగ్గర నిలబడడం. చాలదు. ఫోను చూపే ఎనిమిది గంటల్లో బండి ఎక్కడా ఆగదు, ఎవరికీ ఆకలి వేయదు.

ఇంకో సంగతి పటంలో కనిపించదు. ఎర్ల్‌డండా అనే మజిలీ దగ్గర ఎడమకు తిరిగాక మిగిలిన 245 కిలోమీటర్ల లాసెటర్ హైవే పడమటి దిక్కుకు పోతుంది. మీరు ఆ మలుపు తిరిగేది ఎంత తొందరపడినా మూడు, మూడున్నర. అక్కడి నుంచి దిగే సూర్యుడు ముందు అద్దంలోంచి సూటిగా కళ్లలో పడుతూనే ఉంటాడు. పొద్దున్నుంచి నడిపి అలసిన కళ్లకు, ఎర్రమట్టి పక్కన నిలబడ్డ ఎర్ర కంగారూ ఆ ఎండలో ఆనదు. రోజు మొత్తంలో అతి కష్టమైన భాగం అతి అలసిన వేళకు వస్తుంది. అదే దారి మర్నాడు పొద్దున వెళ్తే ఎండ వీపు మీద ఉంటుంది.

నా మాట వింటే ఎర్ల్‌డండాలో రాత్రి ఆగండి. కూబర్ పీడీ నుంచి 490 కిలోమీటర్లు.

మెల్‌బోర్న్_మాధవి
ఎండ కళ్లలో పడుతుందన్న సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు అన్నయ్య గారు.

రాజమండ్రి_రాజు
ఆ మా వారిని నేనే. అన్నయ్య గారి లెక్క గౌరవిస్తాను. కానీ నా వైపు కూడా వినండి. నాకు దొరికిన సెలవులు తక్కువ, నాన్నగారి తిరుగు టిక్కెట్టు ఖాయమైంది. ఆయన జీవితంలో ఇంకోసారి ఉలురు దగ్గరకు వస్తారో లేదో నాకు తెలియదు. దారిలో ఒక రోజు పోతే అక్కడ ఒక రోజు తగ్గుతుంది. పొద్దున ఐదింటికే బయలుదేరితే? పిల్లలు నిద్రలోనే ఉంటారు, రెండు గంటల దారి వాళ్లకు తెలియకుండా గడిచిపోతుంది. మా ఊరి నుంచి తిరుపతి వెళ్లేటప్పుడు అందరం అలాగే వెళ్లేవాళ్లం కదా.

డార్విన్_దుర్గ
రాజు గారు, ఐదింటి ప్రయాణం మాత్రం వద్దు. మన ఊళ్లలో తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉంటుందని బయలుదేరతాం. ఇక్కడ ఆ వేళకే రోడ్డు నిండా జీవాలు ఉంటాయి. మేము ఉండేది స్టువర్ట్ హైవే రెండో కొసన. కేథరిన్ ఊరు దాటాక ఒకసారి తెల్లవారకముందు మా ముందు వెళ్తున్న బండి కంగారూను గుద్దింది. ముందు ఇనుప కడ్డీల రక్షణ లేని బండి. రేడియేటర్ పగిలి నీళ్లు కారిపోయాయి, బండి కదల్లేదు. లాగే వాహనం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ బండిలో మూడేళ్ల పాప. మా దగ్గరున్న నీళ్లు, ఇడ్లీలు వాళ్లకిచ్చి, వాహనం వచ్చేదాకా అక్కడే ఉన్నాం.

కంగారూలే కాదు. ఇక్కడ పశువుల మేత భూములకు చాలా చోట్ల కంచె ఉండదు. రాత్రి పూట తారు వెచ్చగా ఉంటుందని ఆవులు రోడ్డు మీదే పడుకుంటాయి. నల్ల ఆవు చీకట్లో దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. ఒంటెలు కూడా ఉన్నాయి, లాసెటర్ హైవే వైపు ఎక్కువ.

టైరు_మేస్త్రి
దుర్గ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ట్రెయిలర్ అద్దె ఒప్పందం ఈ రాత్రే తీసి చదవండి. చాలా ఒప్పందాల్లో పట్టణాల బయట రాత్రి నడిపితే బీమా వర్తించదని రాసి ఉంటుంది. ఐదింటికి బయలుదేరి ఏదైనా జరిగితే మొత్తం చేతి నుంచి కట్టుకోవాలి.

రాజమండ్రి_రాజు
చదివాను. అలాగే రాసి ఉంది. పొద్దు పొడిచే ముందు, పొద్దు గుంకిన తర్వాత ప్రధాన పట్టణాల బయట వర్తించదు అని. ఐదింటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పెర్త్_పద్మజ
రాజు గారు ఒకరోజు పోతుందని బాధపడుతున్నారు గానీ పోయేది పూట కూడా కాదు. ఒకే బిగిన వెళ్తే చీకటి పడ్డాక యులారా చేరతారు. ఆ చీకట్లో, చలిలో, ఏడుస్తున్న పిల్లవాడిని చంకనేసుకుని ట్రెయిలర్ తెరవాలి. సూర్యాస్తమయం ఎలాగూ దక్కదు. ఎర్ల్‌డండాలో ఆగితే మర్నాడు పదకొండుకల్లా యులారా చేరి, అన్నం తిని, కాసేపు నడుం వాల్చి, ఆ సాయంత్రం మామగారిని తాపీగా తీసుకెళ్లవచ్చు. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. రాయి మీద రంగు నిమిషనిమిషానికీ మారుతుంది, దానికి తీరిక కావాలి.

మాది నల్లార్బర్ దారి (పెర్త్ వైపు నుంచి అడిలైడ్ వైపు వెళ్లే పొడవాటి దారి) అనుభవం. బల్లడోనియా నుంచి కైగునా వరకు 146.6 కిలోమీటర్లు ఒక్క వంపు లేకుండా ఉంటుంది. మా అమ్మ ఆ దారిలో విష్ణు సహస్రనామం మొదలుపెట్టి, మెల్లగా పూర్తి చేసి, తలెత్తి "ఇంకా అదే రోడ్డా?" అని అడిగింది. ఆ ప్రయాణంలో రోజుకు ఐదు వందల కిలోమీటర్లు దాటకూడదని ముందే అనుకున్నాం. దాటలేదు. పిల్లలకు ఆ రోజులు ఇప్పటికీ ఇష్టంగా గుర్తున్నాయి. హెడ్ ఆఫ్ బైట్ దగ్గర తిమింగలాలను గంటల తరబడి చూడగలిగామంటే రోజులో అంత వెసులుబాటు ఉండబట్టే.

బ్రిస్బేన్_బాలు
నాకు మాత్రం ఇంకో అభిప్రాయం ఉంది. ఒక్క రాత్రి కోసం క్యాంపర్ తెరవడం, పడకలు వేయడం, వంట సామాను దించడం, పొద్దున్నే మళ్లీ అంతా మూటకట్టడం కూడా పెద్ద చాకిరీ. గంటన్నర ఇటు, గంటన్నర అటు. పెద్దవాళ్లను చలిలో కూర్చోబెట్టి ఆ పని చేయాలి. జులైలో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పోతుంది. ఒక రోజు కష్టపడి చేరిపోతే మూడు రాత్రులు ఒకే చోట ఉండవచ్చన్న రాజు గారి ఆలోచన పూర్తిగా కొట్టిపారేయలేం.

అడిలైడ్_అన్నయ్య
బాలు గారు చెప్పిన చాకిరీ నిజమే. అందుకే ఆ రాత్రి ట్రెయిలర్ తెరవొద్దు. ఎర్ల్‌డండాలో క్యాంప్ స్థలంతో పాటు గదులు కూడా ఉన్నాయి. పెద్దవాళ్లకు, పిల్లలకు ఒక గది తీసుకుంటే సరి. సెలవుల్లో త్వరగా నిండిపోతాయి, ఇప్పుడే ఫోను చేయండి.

బ్రిస్బేన్_బాలు
గది తీసుకుంటే నా అభ్యంతరం పోయినట్టే.

గోదారి_గట్టు
ఎర్ల్‌డండాకు బదులు మార్లాలో ఆగితే?

అడిలైడ్_అన్నయ్య
మార్లా కూబర్ పీడీకి 234 కిలోమీటర్లే. అక్కడ ఆగితే మర్నాడు ఐదు వందలు మిగులుతాయి, మళ్లీ అదే సాయంత్రపు ఎండ. మార్లాలో పెట్రోలు, భోజనం చూసుకుని సాగిపోవాలి. సరిహద్దు దాటాక కుల్గెరా, మార్లా నుంచి 180 కిలోమీటర్లు. ఒంట్లో బాగాలేకపోతే కుల్గెరాలో ఆగిపోవచ్చు, అక్కడా క్యాంప్ స్థలం ఉంది. అది మీ రెండో ఏర్పాటు. ఇంకో 75 వెళ్తే ఎర్ల్‌డండా.

టైరు_మేస్త్రి
ఇప్పుడు పెట్రోలు సంగతి. ట్రెయిలర్ లేనప్పుడు వందకు పది లీటర్లు తాగే బండి, ట్రెయిలర్ తగిలిస్తే పదిహేనుకు పోతుంది. ఎదురుగాలి ఉంటే ఇంకా పైకి పోతుంది. డెబ్బై లీటర్ల ట్యాంకుతో నాలుగు వందల కిలోమీటర్లు నమ్మకంగా చెప్పలేం. అందుకని ట్యాంకు సగానికి వచ్చాక కనిపించిన ప్రతి రోడ్‌హౌస్‌లోనూ (దారి పక్క పెట్రోలు, భోజనం దొరికే మజిలీ) నింపాలి, ధర చూడకూడదు.

కూబర్ పీడీకి వెళ్లే ముందురోజు దారి ఇంకా జాగ్రత్త. పోర్ట్ అగస్టా నుంచి పింబా 173, అక్కడి నుంచి గ్లెండాంబో 113, ఆ తర్వాత కూబర్ పీడీ 254. గ్లెండాంబోలో పెట్రోలు ఇస్తున్నారో లేదో పోర్ట్ అగస్టాలోనే కనుక్కోండి. లేకపోతే పింబా నుంచి కూబర్ పీడీ దాకా 367 ఒకే బిగిన అనుకుని పింబాలో అంచుదాకా నింపాలి. ఒక ఇరవై లీటర్ల డబ్బా వెంట ఉంటే మనసు కుదుటపడుతుంది, కానీ దాన్ని మనుషులు కూర్చున్న బండి లోపల పెట్టకండి.

టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ట్రెయిలర్ టైర్లను అందరూ మరచిపోతారు, పేలేవి ఎక్కువగా అవే. ఆగిన ప్రతిసారీ ట్రెయిలర్ చక్రం నడిమి భాగం దగ్గర అరచేయి పెట్టి చూడండి. ఒక వైపు చక్రం రెండో దానికంటే బాగా వేడెక్కితే బేరింగ్ చెడుతోందని అర్థం. ఆ పని పాపకు అప్పగిస్తే ఇష్టంగా చేస్తుంది, కాకపోతే ముందు మీరు చూసి, ముట్టుకోవచ్చని చెప్పాక.

సిడ్నీ_శీను
రోడ్ ట్రెయిన్ల గురించి, అంటే వెనక వరుసగా ట్రెయిలర్లు తగిలించిన పెద్ద లారీల గురించి, ఎవరూ చెప్పలేదు. 53.5 మీటర్ల పొడవు దాకా ఉంటాయి. మాకు ట్రెయిలర్ లేకపోయినా దాటడానికి చాలా దూరం పట్టింది.

టైరు_మేస్త్రి
మంచి మాట. వందతో వెళ్లే రోడ్ ట్రెయిన్‌ను 110తో దాటాలంటే, ముందూ వెనకా వదిలే జాగా కూడా కలిపితే దాదాపు నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో మీ బండే దాదాపు రెండు కిలోమీటర్లు వెళ్తుంది, ఎదురు బండీ అంతే వస్తుంది, అంటే ఎదురుగా ఏమీ రాని మూడున్నర కిలోమీటర్ల రోడ్డు కావాలి. రాజు గారి బండి ట్రెయిలర్‌తో వందకు మించదు కాబట్టి దాటే ప్రయత్నమే వద్దు. వెనకపడితే పది నిమిషాలు ఆగి టీ తాగండి, అది వెళ్లిపోతుంది. ఎదురుగా వచ్చినప్పుడు స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, గాలి తోపు ట్రెయిలర్‌ను ఊపుతుంది. చేతి రేడియో ఒకటి కొనుక్కుని 40వ చానెల్ పెట్టుకోండి. మీరు వెనక ఉన్నారని చెబితే ఆ డ్రైవర్లే ముందు రోడ్డు సంగతి చెబుతారు. ఎంతో మర్యాదస్తులు.

డార్విన్_దుర్గ
చచ్చిన కంగారూ రోడ్డు మీద కనిపిస్తే పగలైనా వేగం తగ్గించండి. దాని మీద పెద్ద గద్దలు కూర్చుని ఉంటాయి. కడుపునిండా తిన్న గద్ద వెంటనే ఎగరలేదు, బరువుగా లేచి నేరుగా అద్దం ఎత్తుకు వస్తుంది.

ఆలిస్_నర్సు
మామగారి గురించి రెండు మూడు ముఖ్యమైన విషయాలు. ఆయన మాత్రలు మాత్రమే వాడుతున్నారా, ఇన్సులిన్ కూడానా?

మెల్‌బోర్న్_మాధవి
రెండూ వాడుతున్నారు. ఇన్సులిన్ పెన్ను రాత్రికి.

ఆలిస్_నర్సు
అయితే శ్రద్ధగా వినండి. అందరూ ఎడారి అనగానే వేడికి ఇన్సులిన్ పాడవుతుందని భయపడతారు. జులైలో అసలు ముప్పు చలి. రాత్రి బండిలోనో ట్రెయిలర్ పెట్టెలోనో వదిలేస్తే గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ తర్వాత కరిగినా పనిచేయదు, చూడ్డానికి మామూలుగానే ఉన్నా పారేయాలి. క్యాంప్ ఫ్రిజ్‌లో గోడకు ఆనించి పెట్టినా అదే సమస్య. వాడుతున్న పెన్ను రాత్రిళ్లు ఆయన దుప్పటి పక్కనే, లోపలి సంచిలో ఉంచండి. మిగతావి ఫ్రిజ్ మధ్యలో గుడ్డ చుట్టి పెట్టండి. పగలు ముందు అద్దం కింద ఎండలో పెట్టకండి.

రెండోది, ఆయన భోజనం వేళ ఏ కారణానికీ జరపకూడదు. ఇంకో యాభై కిలోమీటర్లు వెళ్లి తిందాం అనే మాట ఆ రోజుకు మానేయండి. ఆయన జేబులోనే గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి, వెనక డిక్కీలో కాదు.

మూడోది నీళ్లు. మాటిమాటికీ బండి ఆపించడం ఇష్టంలేక పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. నోరు విప్పి చెప్పరు. నేను ఆలిస్ స్ప్రింగ్స్‌లో పని చేసేచోట సెలవుల కాలంలో ఇలా నీరసించి వచ్చే మన పెద్దవాళ్లను చూస్తుంటాను, నాకు మనసు కష్టంగా ఉంటుంది. బండి ఆపమని ఆయన అడిగే దాకా ఆగకండి. మీరే గంటంపావుకు ఒకసారి ఆపండి. "నాకు కాళ్లు పట్టేశాయి" అని రాజు గారే దిగాలి. అప్పుడు ఆయనా దిగుతారు, నాలుగడుగులు నడుస్తారు, కాళ్ల వాపు కూడా తగ్గుతుంది.

వైద్యం దొరికే చోట్లు: కూబర్ పీడీలో ఆసుపత్రి, మార్లాలో రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ వారి క్లినిక్, యులారాలో వైద్య కేంద్రం. ఊళ్ల మధ్య ఫోను అందని దారే ఎక్కువ. ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే ఫోను ఉంటే ఎలా వాడాలో ఇంట్లోనే నేర్చుకుని వెళ్లండి.

రాజమండ్రి_రాజు
నర్సు గారు, నాన్నగారు నీళ్లు మానేస్తారన్న మాట చదివి ఇప్పుడే ఆయన్ను అడిగాను. గ్రేట్ ఓషన్ రోడ్ వెళ్లినప్పుడు అలాగే చేశారట. "మీ ప్రయాణానికి నేను అడ్డం కాకూడదని" అన్నారు. యులారా మొదటి రాత్రి రద్దు చేస్తున్నాను. కొంత డబ్బు పోతుంది, పోనివ్వండి. ఎర్ల్‌డండాలో గది దొరికింది.

పెర్త్_పద్మజ
ఎంత మంచి మాట చెప్పారు!

మెల్‌బోర్న్_మాధవి
ఇన్ని రోజులుగా నేను చెబుతున్నది ఇదే. సరే, మీరందరూ చెప్పినా విన్నారు, అది చాలు. ఇప్పుడు తిండి సంగతి చెప్పండి. ఆ ఒక్క రోజుకు ఏం చేసి పెట్టుకోవాలి?

వంటింటి_వాణి
నా సబ్జెక్టు వచ్చింది! కూబర్ పీడీలో ముందు రాత్రే పులిహోర కలిపి పెట్టండి. నిమ్మకాయది కాదు, చింతపండుది, నూనె ఒక గరిటె ఎక్కువ పోసి. చలికి మర్నాడు సాయంత్రం దాకా నిక్షేపంగా ఉంటుంది. మామగారికి మాత్రం అన్నం తక్కువ, రెండు జొన్నరొట్టెలో చపాతీలో, దొండకాయ వేపుడు, ఉడికించిన గుడ్డు. పిల్లలకు దద్దోజనం, దానిమ్మ గింజలు వేయకుండా, కారు సీట్ల మరకలు పోవు. ఫ్లాస్కులో వేడి నీళ్లు పోసుకుంటే టీకి రోడ్‌హౌస్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

బాబుకు పొద్దున పాలు ఇవ్వకండి. పొడి ఇడ్లీ ఒకటి, అంతే. చిన్న అల్లం ముక్క ఉప్పు అద్ది బుగ్గన పెట్టుకుంటే కడుపు తిప్పడం తగ్గుతుంది, ఒప్పుకోకపోతే అల్లం బిస్కెట్టు. వెనక సీట్లో ఫోను చూడనివ్వకండి, కిందకు చూస్తే వికారం ఎక్కువవుతుంది.

గోదారి_గట్టు
ఫోను లేకుండా ఐదేళ్లవాడిని 490 కిలోమీటర్లు ఎలా కూర్చోబెట్టాలి తల్లీ?

వంటింటి_వాణి
నాయనమ్మ పక్కన కూర్చోబెడితే చాలు. పొడుపు కథలు, చందమామ కథలు. పైగా ఆ దారిలో ఎదురు వచ్చే ప్రతి బండివాళ్లూ స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తి పలకరిస్తారు. ఎవరు చెయ్యి ఎత్తారు, ఎవరు ఎత్తలేదు అని మా పిల్లలు కాగితం మీద లెక్క రాసేవాళ్లు. తాతయ్యను న్యాయనిర్ణేతగా పెట్టారు. కంగారూల కంటే అదే బాగా నచ్చింది వాళ్లకు.

అడిలైడ్_అన్నయ్య
పిల్లలకు ఇంకోటి చూపించండి. గ్లెండాంబో, కూబర్ పీడీల మధ్య కొన్నిచోట్ల రోడ్డు ఉన్నట్టుండి వెడల్పవుతుంది, తారు మీద విమానాల రన్‌వే గుర్తులు ఉంటాయి. అత్యవసరంలో ఫ్లయింగ్ డాక్టర్ విమానం రోడ్డు మీదే దిగడానికి. 1928లో మొదలైన సేవ అది. పింబా దాటాక లేక్ హార్ట్ దగ్గర ఆగే చోటు ఉంది, తెల్లటి ఉప్పు సరస్సు పక్క నుంచే రైలు పట్టాలు. అదృష్టం ఉంటే అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే ఘాన్ రైలు కనబడుతుంది.

నక్షత్రాల_నాగు
ఎర్ల్‌డండాలో రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు అందరినీ బయటకు తీసుకెళ్లండి. జులైలో రాత్రి తొమ్మిది, పదింటి వేళ వృశ్చిక రాశి సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. రాజమండ్రిలో మీ మామగారు దాన్ని దక్షిణాన వాలి ఉండగానే చూసి ఉంటారు. జ్యేష్ఠ నక్షత్రం ఎర్రగా తల మీద మెరుస్తుంటే ఆయనకు చెప్పండి, వెంటనే గుర్తుపడతారు. అమావాస్యకు దగ్గరగా వెళ్తే పాలపుంత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కనిపిస్తుంది. ఒక్కటే, మెడ పట్టేయకుండా వాలు కుర్చీ వేయండి, చెవులకు మఫ్లర్ కట్టండి.

మెల్‌బోర్న్_మాధవి
యులారా నుంచి రాస్తున్నాను. నిన్న ఎర్ల్‌డండాలో ఆగి, ఈ రోజు పదకొండు దాటాక చేరాం.

నిన్న ఏం జరిగిందంటే, కూబర్ పీడీలో పొద్దు పొడిచాక అరగంట ఆగి బయలుదేరాం. మార్లాకు రాకముందే ఎదురుగాలి మొదలైంది. బండి తొంభైకి మించి లాగనంది, పెట్రోలు ముల్లు కళ్ల ముందే దిగుతోంది. మేస్త్రి గారి మాట ప్రకారం మార్లాలో అంచుదాకా నింపాం. అక్కడే భోజనాలు. గాలికి విస్తరాకు ప్లేట్లు ఎగిరిపోతుంటే మామగారు బండి చాటున చాప పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి అందరినీ కూర్చోబెట్టారు. పొలం పనుల రోజుల నుంచి అలవాటట. బాబుకు ఒకసారే వాంతి అయింది, అదీ బండి ఆపాక.

ఎర్ల్‌డండా చేరేసరికి నాలుగు దాటింది. బండి దిగి పడమటి రోడ్డు వైపు తిరిగి చూశాను. ఎండ కళ్లలో పడి దారి కనిపించలేదు. ఆయన కూడా చూశారు. అక్కడి నుంచి ఇంకో 245 ఉంటుందని ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పిల్లలు ఈము పక్షుల ఆవరణ దగ్గరకు పరుగెత్తారు, అత్తగారు వేడి నీళ్లతో స్నానం చేసి, గదిలో కరెంటు పొయ్యి మీద చారు పెట్టారు.

ఈ రోజు దారిలో అందరం కేకలు వేశాం, అదిగో ఉలురు అని. తీరా చూస్తే అది మౌంట్ కానర్ అట!

డార్విన్_దుర్గ
అందరూ అక్కడే పొరబడతారు. కర్టిన్ స్ప్రింగ్స్ రాకముందు ఎడమ పక్క కనిపించే బల్లపరుపు కొండ కదా. ఎంత మంది అక్కడ ఆగి ఫోటోలు తీసి ఇంటికి పంపేస్తారో.

నక్షత్రాల_నాగు
జ్యేష్ఠ చూశారా?

రాజమండ్రి_రాజు
చూశాం నాగు గారు. నాన్నగారు నేను చెప్పకముందే చెయ్యెత్తి చూపించారు. అనూరాధ, జ్యేష్ఠ, మూల అని వరుసగా పాపకు చెబుతూ అరగంట బయటే ఉన్నారు. నేను ఆయన నోట నక్షత్రాల పేర్లు వినడం అదే మొదలు. ఒకే బిగిన వచ్చి ఉంటే ఆ వేళకు నేను చీకట్లో ట్రెయిలర్ కాళ్లు దించుతూ ఉండేవాణ్ని.

బ్రిస్బేన్_బాలు
సంతోషం. తిరుగు ప్రయాణంలో కూడా ఎర్ల్‌డండాలోనే ఆగుతున్నారా?

రాజమండ్రి_రాజు
లేదు, ఈసారి కుల్గెరా. యులారా నుంచి 320, ఆ మర్నాడు 414 వెళ్తే కూబర్ పీడీ. పొద్దున తూర్పుకు వెళ్లాలి కాబట్టి ఎండ మళ్లీ ఎదురే, అందుకని తొమ్మిదిన్నర దాటాక బయలుదేరతాం. ఒక సందేహం. ఇక్కడి దుకాణంలో కొన్న యాపిల్ పండ్లు, టమాటాలు చాలా మిగిలేలా ఉన్నాయి. వెనక్కి తీసుకెళ్లవచ్చా?

అడిలైడ్_అన్నయ్య
వద్దు. పండు ఈగ బెడద వల్ల బయటి నుంచి దక్షిణ ఆస్ట్రేలియాలోకి పండ్లు, టమాటాల వంటివి తేకూడదు, దొరికితే జరిమానా గట్టిగా ఉంటుంది. కుల్గెరాలో రాత్రికే టమాటాలన్నీ పచ్చడి చేసేయండి, యాపిల్ పండ్లు పిల్లలకు పెట్టండి. మిగిలితే సరిహద్దు దాటకముందే చెత్తబుట్టలో వేయాలి. ఉల్లిపాయల సంగతి విడిగా చూసుకోండి, అన్ని కూరగాయలకూ ఒకటే నియమం కాదు.

వంటింటి_వాణి
టమాటా పచ్చడిలో చింతపండు కొంచెం ఎక్కువ వేయండి రాజు గారు, మెల్‌బోర్న్ దాకా నిలవ ఉంటుంది.